లోపమెక్కడ? — కంప్యూటరు మరమ్మతు కథ

మనిషి చేసిన యంత్రములలో చెడిపోనిది లేదు. బండి ఇరుసు అరిగిపోతుంది, గడియారము స్ప్రింగు తెగుతుంది. అయితే వీటిలో లోపము కంటికి కనబడుతుంది, లేదా చెవికి వినబడుతుంది. కంప్యూటరు సంగతి వేరు. దానిలో పనిచేసేవి విద్యుత్ సంకేతములు. యంత్రము చూడటానికి నిన్న ఉన్నట్టే ఉంటుంది, కాని పనిచేయదు. అంతకంటె ప్రమాదమేమంటే, పనిచేస్తూనే తప్పు జవాబు చెప్పవచ్చును. అందువల్ల కంప్యూటరుతోపాటే దానిలోని లోపమును వెదకే విద్య కూడ పుట్టవలసి వచ్చినది. నేడు ఇళ్లలో, పాఠశాలలలో బల్లలమీద ఉన్న కంప్యూటర్లను బాగుచేసే పద్ధతులు చాలవరకు ఆ పాత విద్యనుండి వచ్చినవే.

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో ‘ఎనియాక్’ అనే కంప్యూటరును మొదటిసారి ప్రజలకు చూపారు. దానిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో నిర్మించినవారు జాన్ మాక్లీ, ప్రెస్పర్ ఎకర్ట్. దాని బరువు సుమారు 30 టన్నులు. దానిలో సుమారు 18,000 వాల్వులు ఉండేవి. ఐదారు వాల్వులున్న రేడియోకే అప్పుడప్పుడు మరమ్మతు కావలసివచ్చే రోజులవి. ఇన్ని వేల వాల్వులలో ఎప్పుడూ ఏదో ఒకటి కాలిపోతూనే ఉంటుంది గదా, ఇక ఈ యంత్రము పనిచేసేదెప్పుడు అని ఇంజనీర్లు చాలమంది సందేహించారు.

ఎకర్ట్ ఈ సందేహమునకు జవాబు ముందే ఆలోచించాడు. వాల్వులను అవి భరించగల శక్తికంటె బాగా తక్కువ శక్తితో నడిపించాడు. ఇంకొక సంగతి అనుభవముమీద తెలిసినది. వాల్వులు ఎక్కువగా పోయేది యంత్రమును ఆపి మళ్లీ నడిపించినప్పుడు. వేడికి లోపలి లోహపు భాగములు వ్యాకోచిస్తాయి, చల్లారితే సంకోచిస్తాయి. ఈ మార్పే వాటిని దెబ్బతీస్తుంది. అందుచేత యంత్రమును ఆపకుండ ఉంచసాగారు. మొదట రోజుకు కొన్ని వాల్వులు పోతుండగా, తరువాత సుమారు రెండు రోజులకు ఒకటి చొప్పున మాత్రమే పోయేది.

ఆ పోయినది ఏ వాల్వో కనిపెట్టుట ఎట్లు? ఎనియాక్‌ను లెక్కలకు సిద్ధముచేసినవారు ఆరుగురు యువతులు: కాథ్లీన్ మెక్‌నల్టీ, బెటీ జీన్ జెన్నింగ్స్, బెటీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. వీరికి పాఠము చెప్పిన గ్రంథమేదీ లేదు. యంత్రపు పటములను ముందు పెట్టుకొని, ఏ సంకేతము ఎక్కడనుండి ఎక్కడికి పోతుందో తామే నేర్చుకున్నారు. చివరకు తప్పు జవాబును చూచి, లోపము దాదాపు ఏ వాల్వులో ఉన్నదో చెప్పగల స్థితికి వచ్చారు. అయినప్పటికీ చాలకాలమువరకు వీరి పేర్లు లోకమునకు తెలియలేదు.

వెదకుటలో ఒక చక్కని గణితము ఉన్నది. 18,000 వాల్వులలో ఒకటి చెడిపోయినదనుకొందాము. ఒక్కొక్కటే తీసి పరీక్షిస్తే, వేల పరీక్షలు కావలసి రావచ్చును. అట్లాకాక, యంత్రమును రెండు సగములుగా భావించి, లోపము ఏ సగములో ఉన్నదో ముందు తేల్చాలి. తరువాత ఆ సగమును మళ్లీ సగము చేయాలి. 18,000 కాస్తా 9,000 అవుతుంది, ఆపైన 4,500 అవుతుంది. ప్రతి పరీక్షతోను అనుమానము సరిగా సగానికి తగ్గితే, 15 పరీక్షలలో దొంగ దొరుకుతాడు. రెండును పదునాలుగుసార్లు హెచ్చిస్తే 16,384, పదిహేనుసార్లు హెచ్చిస్తే 32,768 వస్తుంది, కారణమదే. మంచి మెకానిక్కు చేసేది గుడ్డిగా ఊహించుట కాదు, అనుమానమును తగ్గించుకుంటూ పోవుట.

లోపమునకు ఇంగ్లీషులో ‘బగ్’, అనగా పురుగు, అనే పేరున్నది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయమువారి ‘మార్క్ 2’ యంత్రములో ఒక రిలే మధ్య దీపపు పురుగు చిక్కి చచ్చి ఉండగా, పనివారు దానిని తీసి దినచర్య పుస్తకములో అతికించారు. నిజమైన పురుగే దొరికినదని పక్కన సరదాగా వ్రాశారు. ఆ పుట నేటికీ అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది. ఆ పేరు ఈ సంఘటనతోనే పుట్టినదని చాలమంది అనుకుంటారు. కాని యంత్రలోపమును 1878లోనే ఎడిసన్ తన ఉత్తరములో ఆ మాటతో పిలిచాడు. ఇక్కడ గమనించవలసినది వేరొకటి. వారు పురుగును తీసివేసి ఊరుకోలేదు, వ్రాసిపెట్టారు. ఏనాడు ఏ లోపము వచ్చినదో, ఎట్లా పోయినదో వ్రాసి ఉంచితే, రెండవసారి వెదకుట సులువవుతుంది.

లోపము వచ్చిన తరువాత వెదకుటకంటె, రాకముందే పట్టుకొనుట మేలు గదా! అమెరికాలోని ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ నాయకత్వమున తయారైన ‘వర్ల్‌విండ్’ యంత్రములో ఇట్టి ఏర్పాటు చేశారు. బావిలో బిందె దించకముందు చేంతాడును గట్టిగా లాగి చూస్తాము. అదే విధముగా వారు యంత్రపు వోల్టేజీని కావాలని కొంత హెచ్చించి, తగ్గించి చూచేవారు. బలహీనపడిన వాల్వు ఆ పరీక్షలోనే తడబడేది. అసలు పనివేళ ఆటంకము లేకుండ దానిని ముందే మార్చివేసేవారు.

తన తప్పును యంత్రమే పట్టుకొనుట దీని తరువాతి మెట్టు. 1, 0, 1, 1 అనే అంకెలలో ఒకట్లు మూడు. చివర మరొక 1 చేర్చితే ఒకట్లు నాలుగు, అనగా సరిసంఖ్య అవుతుంది. మధ్యలో ఏ ఒక్క అంకె మారినా ఒకట్లు బేసిసంఖ్య అవుతాయి, తప్పు బయటపడుతుంది. బెల్ ప్రయోగశాలలలో రిచర్డ్ హామింగ్ సెలవుదినములలో తన లెక్కలను యంత్రమునకు అప్పగించి పోయేవాడు. తప్పు కనబడగానే యంత్రము ఆ లెక్కను వదలి మరొకదానికి పోయేది. తప్పు ఉన్నదని తెలిసినప్పుడు, అది ఎక్కడున్నదో కూడ యంత్రము ఎందుకు తెలుసుకొనరాదు అని ఆయన ఆలోచించాడు. నాలుగు అంకెలకు మూడు పరీక్షాంకెలు చేర్చి, తప్పిన అంకెను సరిదిద్దే పద్ధతిని కనిపెట్టి 1950లో ప్రకటించాడు.

మన దేశములో ఈ విద్యకోసము ప్రభుత్వమే ఒక సంస్థను స్థాపించినది. 1975లో ఏర్పడిన ఆ సంస్థ పేరు ‘కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్’. 1978లో ఐ.బి.ఎం. కంపెనీ మన దేశమునుండి వెళ్లిపోగా, దాని యంత్రములను పోషించే భారము ఈ సంస్థమీద పడినది. తరువాత ‘సి.ఎం.సి.’ అనే పేరుతో హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరములలో ఇది పరిశోధనశాలను నడిపినది. 1980ల దశకములో రైలు టిక్కెట్ల రిజర్వేషనుకు కంప్యూటరు పద్ధతిని నిర్మించినది కూడ ఈ సంస్థయే. 2015లో ఇది టి.సి.ఎస్. కంపెనీలో విలీనమైనది. మరమ్మతు నేర్చినచోటనే నిర్మాణము కూడ అలవడుతుందనుటకు ఇది ఒక నిదర్శనము.

1981 ఆగస్టులో ఐ.బి.ఎం. తన ‘పర్సనల్ కంప్యూటరు’ను విడుదల చేసినది. మీట నొక్కగానే అది తన భాగములను తానే పరీక్షించుకొనేది. అంతా సవ్యముగా ఉంటే ఒక్కసారి చిన్నగా ‘బీప్’ మనేది. లోపముంటే ఆ ధ్వని మారేది. నేటి కంప్యూటర్లు కొన్ని ధ్వనితో, కొన్ని చిన్న దీపములతో ఇదే కబురు చెప్పుతాయి. ఒకనాడు ఆరుగురు యువతులు పటములు చూచి చేసిన పనిలో కొంత భాగము ఇట్లు యంత్రములోనే చేరినది.

అయినా మనిషికి పని తప్పలేదు. ఇంట్లో కంప్యూటరు కదలకపోతే ముందు చూడవలసినవి గోడమీది ప్లగ్గు, తీగ. తరువాత లోపలి ఫ్యాను తిరుగుచున్నదా, ధ్వని వస్తున్నదా, తెర వెలుగుచున్నదా అని వరుసగా చూడాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే, దేనివల్ల బాగుపడినదో ఎన్నటికీ తెలియదు. వేడికి, చలికి జ్ఞాపకపు పలకల అతుకులు నేటికీ వదులవుతుంటాయి. తీగ ఊడదీసి, పలకను తీసి మళ్లీ గట్టిగా బిగిస్తే చాలసార్లు యంత్రము లేస్తుంది. ముందుగా లోహపు పెట్టెను తాకి, ఒంటిమీది స్థిరవిద్యుత్తును పోగొట్టుకోవాలి. మనకు తెలియనంత స్వల్పమైన విద్యుత్తు కూడ చిప్పులను పాడుచేయగలదు. రోజూ గడియారము తప్పు తేదీ చూపితే, లోపలి 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయినదని అర్థము. ఫ్యానులో దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు, యంత్రము మందగిస్తుంది, లేదా తానే ఆగిపోతుంది. అయితే విద్యుత్తు సరఫరాచేసే డబ్బాను మాత్రము విప్పరాదు. తీగ తీసిన తరువాత కూడ దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

చివరి మాట ఒకటి. కాలిన వాల్వును ఎనియాక్‌లో మార్చగలిగారు. పోయిన పలకను నేడు మనము కొనగలము. కాని డిస్కు పూర్తిగా చెడిపోతే, అందులోని పదేళ్ల మార్కుల పట్టికను, విద్యార్థులు శ్రమించి వ్రాసిన వ్యాసమును ఏ అంగడిలోను కొనలేము. అంకెలకు తోడుగా పరీక్షాంకెలను నిలిపిన శాస్త్రజ్ఞులు నేర్పినది ఇదే: విలువైనదేదీ ఒంటరిగా ఉండరాదు. కంప్యూటరులోని ముఖ్యమైన వ్రాతలకు వేరొకచోట మరొక నకలు ఉంచుట మరమ్మతులన్నింటిలోను మొదటిది. దానిని యంత్రము చెడకముందే చేయాలి.