రొటుమన్ భాషలో వర్ణవ్యత్యయం

ఫిజీకి చెందిన రొటుమా ద్వీపభాషలో ‘హొస’ అంటే పువ్వు. దీనికే ‘హొఅస్’ అనే మరో రూపం ఉంది. తుది అచ్చు హల్లుకు ముందు చేరింది. మిషనరీ చర్చ్‌వర్డ్ 1940 నాటి వ్యాకరణంలో వీటిని పూర్ణ, అపూర్ణ దశలన్నారు. పూర్ణరూపం ‘ఫమోరి’ నిశ్చితమైన జనాన్ని, దాని అపూర్ణరూపం ఎవరో కొందరిని చెబుతుంది. తమిళ ‘ఉరల్’కు ఎదుట తెలుగు ‘రోలు’ ముగిసిపోయిన వ్యత్యయానికి సాక్ష్యం. రొటుమన్‌లో రెండు రూపాలూ నేటికీ వ్యాకరణకార్యం నిర్వహిస్తున్నాయి. దీన్ని కేవల ఉచ్చారణ సౌలభ్యమనడం చాలదు. అచ్చు ఒక్కసారిగా స్థానం మారలేదనీ, దాని ఛాయ ముందున్న ఊనిక అచ్చులోకి చేరుతుండగా చివర అది క్షీణించిందనీ బ్లెవిన్స్, గారెట్ 1998లో ప్రతిపాదించారు. ఈ వాదమే సబబు: ‘ఫుతి’ (లాగు) అపూర్ణరూపంలో ‘ఇ’ వేరుగా నిలవదు, ‘ఉ’కారంలో కలిసి దాన్ని తాలవ్యం చేస్తుంది.