భుజం మీద సైకిలు

ఓడలు బళ్ళూ, బళ్ళు ఓడలూ అవుతాయంటారు మన పెద్దలు. కలిమిలేముల గురించి చెప్పేటప్పుడు ఆ సామెత వాడుతూంటాం గాని, ఆ మాటకొస్తే సైకిలుకి సరిపోయినంతగా అది మరి దేనికీ సరిపోదు. ఎండాకాలమంతా మనిషిని మోసిన సైకిలు వానలు పడగానే మనిషి భుజమెక్కి కూచుంటుంది. నమ్మకం లేకపోతే శ్రావణమాసంలో బోధన్ చుట్టుపక్కల చెరకు తోటల మధ్య ఒక్క మైలు దూరం తొక్కి చూడండి.

అక్కడిది నల్లరేగడి నేల. ఎండకి బీటలు వారే ఆ మట్టే చినుకు తగిలితే ఉబ్బి జిగురైపోతుంది. చక్రానికి అంటుకున్న బురద మడ్‌గార్డు కింద పేరుకుపోయి, నాలుగు బారలు పోయేసరికి చక్రం మొరాయిస్తుంది. దిగి పుల్లతో గీకాలి, మళ్ళీ నాలుగు బారలు పోవాలి. ఓపిక చచ్చాక సైకిలెత్తి భుజాన వేసుకోవడమే.

ఆ నేలకి నీళ్ళు తెచ్చింది నిజాంసాగర్. మంజీర మీద ఆ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలవ వెంట చెరకు వచ్చింది, చెరకు వెంట 1937లో బోధన్‌కి నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు దానికి పేరు. ఫ్యాక్టరీ పక్కన వెలిసిన కాలనీ పేరు శక్కర్‌నగర్. పేరు నిండా తీపే గాని, చుట్టుపక్కల పల్లెలనించి అక్కడికి పోయే అడ్డదారులు మాత్రం వానాకాలమంతా బురదే.

మా మేనమామ ఆ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చెరకు ఆడించని వానాకాలంలో యంత్రాల మరమ్మతులుండేవి. సైరన్ కూతకి అందుకోవాలని పొలాలకి అడ్డంపడి, తొక్కినంతసేపు తొక్కి, మిగతా దారి సైకిలు మోస్తూ పరుగెత్తేవాడు. సాయంత్రం అదే వాలకంతో ఇంటికొస్తే మా అమ్మమ్మ గడపలో నిలబడి, “సైకిల్ మీద నువ్వొస్తవనుకుంటె, నీ మీద సైకిలొచ్చిందేందిరా కొడుకా!” అని నవ్వేది.

మావాడు గత్యంతరం లేక చేసిన పనిని యూరప్‌లో కోరి చేస్తారు, గెలిస్తే కప్పు కూడా ఇస్తారు సుమండీ! దాని పేరు సైక్లోక్రాస్. శీతాకాలంలో దేహదార్ఢ్యం సడలకుండా ఉండటానికి సైకిలు పందెగాళ్ళు పొలాలకి, కంచెలకి అడ్డంపడి పక్క ఊరికి పోటీగా పోయేవారట. ఫ్రాన్సులో 1902లోనే దానికి జాతీయ పోటీ పెట్టారు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆక్టేవ్ లాపీజ్ తన విజయానికి ఈ బురద సాధనే కారణమన్నాక దాని గిరాకీ పెరిగింది.

ఆ సాధన ఏమిటో వింటే మన పల్లెల వాళ్ళు, “దీనికో గురువు కూడానా!” అని ముక్కున వేలేసుకుంటారు. టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి. మెత్తబడ్డ టైరు నేలకి ఎక్కువ మేర ఆనుకుంటుంది గనక జారదు. మడ్‌గార్డులుంటే పీకెయ్యాలి. బండి ఆగకుండానే కాలు ఇవతలికి తిప్పి దూకి, దూకిన ఊపులోనే పరుగందుకోవాలి. పరుగులో పెద్ద పెద్ద అంగలు పనికిరావు. బురదలో ఎంత సాచి అడుగేస్తే కాలు అంత జారుతుంది. పొట్టి అడుగులు, చకచకా పడాలి. పై అడ్డకడ్డీ కింద భుజం దూర్చి సైకిలెత్తుకోవాలి. గట్టి నేల తగలగానే మళ్ళీ ఎగిరి కూచోవాలి. దిగడం, మొయ్యడం, ఎక్కడం అనే ఈ మూడూ అలవాటయ్యేదాకా వందలసార్లు చెయ్యాలి. కాళ్ళ బలం ఒక్కటే చాలదు, కొంచెం సిగ్గు కూడా విడిచిపెట్టాలి. పడకుండా బురదలో పరుగు నేర్చినవాళ్ళెవరూ లేరు మరి.

ఇక్కడే నాకో సందేహం వచ్చింది. అడ్డకడ్డీ భుజానికి ఆనాలంటే ముందు సైకిలుకి ఆ కడ్డీ ఉండాలి గదా! ఆడవాళ్ళ కోసమని తయారుచేసిన సైకిలుకి అది ఉండదు. చీరలకీ గౌన్లకీ అడ్డం రాకూడదని దాన్ని కిందికి వంచేశారు. మన సుఖం కోరే చేశారనుకోండి. కాని ఆ సైకిలు రోడ్డుమీదే అందం. బురదలో భుజాన వేసుకుందామంటే పట్టు దొరకదు. అంటే, ఆడపిల్ల వాన పడితే బయటికి పోదులే అని తయారుచేసిన వాళ్ళు ముందే అనుకున్నారు కాబోలు.

ఒక్క సైకిలు విషయంలోనే కాదు, పోటీల్లోనూ ఇదే తంతు. ఒలింపిక్స్‌లో మగవాళ్ళకి మారథాన్ పరుగు, రోడ్డు మీద సైకిలు పందెం రెండూ 1896లోనే ఉన్నాయి. ఆడవాళ్ళకి ఆ రెండూ వచ్చింది 1984లో, లాస్ ఏంజిలిస్‌లో. సరిగ్గా ఎనభై ఎనిమిదేళ్ళు! సైక్లోక్రాస్‌లో మగవాళ్ళ ప్రపంచ పోటీ 1950లో మొదలైతే, ఆడవాళ్ళ పోటీకి 2000 దాకా ఆగాల్సొచ్చింది. బురదకి ఆడా మగా తేడా తెలియదు. తెలిసిందల్లా మనుషులకే.

మన పక్క తమిళనాడు ఆడవాళ్ళు మాత్రం ఎవరో అవకాశమిచ్చేదాకా ఆగలేదు. 1990ల మొదట్లో పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు సైకిలు నేర్చుకోవడం కూడా ఒక ఉద్యమంగా నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే మహిళ. కూలిపని చేసుకునే ఆడవాళ్ళు వేలకి వేలుగా సైకిలెక్కారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే తీసుకున్నారు. పైగా అవే నయమన్నారు కొందరు. ఎందుకో తెలుసా? ఆ అడ్డకడ్డీ మీద బిడ్డని కూచోబెట్టుకోవచ్చని! మన దారికి అడ్డమని ఎవరో తీసేసిన కడ్డీని ఆ తల్లులు ఊయలగా మార్చుకున్నారు.

మా నిజామాబాద్ కూడా తక్కువ తినలేదండోయ్. పాకాల అనే పల్లెలో కూలి జనం ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్టమీద ఎక్కడం నేర్చి, 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడింది. అప్పటికి ఆ పిల్లకి పద్నాలుగు కూడా నిండలేదు. నిజామాబాద్ టౌన్లో పుట్టిన నిఖత్ జరీన్ మొదట పరుగు పందేల కోసమే మైదానానికి వెళ్ళింది. తండ్రే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ పరుగునించే బాక్సింగుకి మళ్ళి, 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. ఈ పిల్లలకి బలం ఒక్కరోజులో వచ్చిపడలేదు. తెల్లారుజామున లేచి బయటికి పోనిచ్చిన గడపలు కొన్ని వాళ్ళ వెనక ఉన్నాయి.

2015 డిసెంబర్లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. షిఫ్టుకి వేళైందని సైకిళ్ళ వెంట పరుగులు పెట్టినవాళ్ళు ముసలివాళ్ళైపోయారు. సైకిళ్ళ చోట మోటారు సైకిళ్ళొచ్చాయి. నల్లరేగడి మాత్రం ఎక్కడికీ పోలేదు. చినుకు పడితే ఇప్పటికీ అదే జిగురు, అదే జారుడు. కాళ్ళకింత బలం ఇచ్చే నేల పైసా ఖర్చు లేకుండా వాకిట్లో పరుచుకుని ఉంది. మగపిల్లలు అందులో పడి లేస్తూనే ఉన్నారు. ఆడపిల్లకి మాత్రం మనం ఇంకా, “వాన తగ్గనీవే, బట్టలు పాడవుతాయి,” అనే చెప్తున్నాం. ఆ మాట చెప్పేది ఎక్కువగా మనమే, తల్లులమే.

బట్టల మురికి సంగతి నాకూ తెలుసు. రేగడి మరక రెండు ఉతుకులకి గాని వదలదు. అయినా ఈ వానాకాలం మీ అమ్మాయి మోకాళ్ళదాకా బురదతో వచ్చి గుమ్మంలో నిలబడితే, అరిచేముందు ఒక్క మాట అడగండి: “ఎంత దూరం పరిగెత్తావే?” అని. జవాబు విన్నాక తిట్టుకోవచ్చు. నీళ్ళు ఎలాగూ కాగుతూనే ఉంటాయి గదా!