వీరసంస్మరణదినములు – మన హబ్సిగూడ

మన ఊరి పేరులోనే ఒక సైనికస్మృతి గలదు. హబ్షీ యనగా అబిసీనియా దేశస్థుడు. నిజాముల కొలువున ఆఫ్రికా వారి అశ్వికదళ మొకటి యుండెడిది, నగరమునందలి ఏ.సీ. గార్డ్స్ పేట నేటికిని ఆ దళము పేరనే పిలువబడుచున్నది. సముద్రము దాటివచ్చిన ఆ జనుల పేరు పేటలకు మిగిలినది. ఒక్కొక్క మనుష్యుని పేరు మిగులలేదు. మృతవీరుల సంస్మరణదినములను గూర్చి వ్రాయబూనినపుడు నాకు మొదట తోచిన దిదియే.

లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను గనుక భారతమున స్త్రీపర్వము నన్ను మిక్కిలి ఆకర్షించును. యుద్ధము ముగిసిన పిమ్మట ధృతరాష్ట్రుడు చచ్చినవారి లెక్క యడుగును. వ్యాసభారతమున ధర్మరాజు కోట్లలో సంఖ్య చెప్పి, అంతటితో నిలువక, కానరాని వీరులు 24,165 మంది యని వేరుగా చెప్పును. పెద్ద మొత్తము వేలతో ముగియును. కానరానివారి లెక్క మాత్రము ఒంటి అంకె వరకు పోవును. పద్దు వ్రాయువాని కిది చిన్న విషయము కాదు. పిదప దిక్కులేనివారికి సైతము దహనసంస్కారములు జరుగవలెనని అతడు విదురుడు, సంజయుడు మొదలగువారిని నియోగించును. అంత శ్రద్ధ చూపినను తర్పణవేళ కర్ణుని పేరు తమవారిలో ఎవరును తలపలేదు. కుంతి నోరు విప్పవలసివచ్చినది.

నేటి ప్రపంచమున ఇట్టి దినములకు నవంబరు 11 మూలము. 1918లో ఆనాటి ఉదయము 11 గంటలకు ప్రథమ ప్రపంచయుద్ధము ఆగినది. అందు మన దేశపు సైనికులు సుమారు 74 వేలమంది మడిసిరి. హైదరాబాదు లాన్సర్లును పాలస్తీనా రంగమునకు పోయిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహములలో ఒకటి వారికి గుర్తు. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణమును గెలిచిన కీర్తి మాత్రము ముఖ్యముగా జోధపూరు, మైసూరు దళములది. దానిని మన ఖాతాలో జమకట్టుకొనుట తగదు.

స్వతంత్ర భారతమున 1949 నుండి డిసెంబరు 7 సాయుధదళముల పతాకదినము. చిన్న జెండా తీసికొని మనమిచ్చు సొమ్ము మృతుల కుటుంబములకును మాజీ సైనికులకును చేరును. జూలై 26 కార్గిల్ విజయదినము. 1999 నాటి ఆ యుద్ధమున 527 మంది అసువులు బాసిరి. వారిలో మేజరు పద్మపాణి ఆచార్య మనకు అతి సమీపస్థుడు. పూర్వులు ఒడిశా వారైనను హైదరాబాదు నివాసి. మన ప్రక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రుడు. రాజపుతానా రైఫిల్సు రెండవ పటాలమున నుండి జూన్ 28న కొండపై శత్రుస్థావరమును పట్టుటలో నేలకొరిగెను. మరణానంతరము మహావీరచక్ర మొసగిరి. యుద్ధభూమినుండి తండ్రికి వ్రాసిన లేఖలో, గర్భవతియగు తన భార్యకు దినమున కొక భారతకథ చెప్పుమని కోరెను. పుట్టబోవు బిడ్డకు మంచి గుణములబ్బవలెనని ఆతని తలంపు. బిడ్డ ఆడుబిడ్డ. తండ్రి ఆమెను చూడలేదు. స్త్రీపర్వము తెరచినప్పుడెల్ల నాకీ లేఖ గుర్తునకు వచ్చును.

2020 జూన్ 15న గల్వాన్ లోయలో మడిసిన 20 మందిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్‌బాబును ఎరుగనివారు లేరు. 2019లో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకమున స్వాతంత్ర్యానంతరము మడిసిన 25 వేలకు పైబడిన వీరుల పేరులు రాతిపై చెక్కబడినవి. కాని ఢిల్లీ దూరము.

కావున మన గ్రంథాలయమున వార్తాపత్రికల బల్లకడ ఒక గీతల పుస్తక ముంచితిని. పేరు, ఊరు, పటాలము, మృతిచెందిన తేది – నాలుగు గళ్లు. మీ బంధువులలోగాని ఇరుగుపొరుగున గాని అట్టివారున్నచో స్వయముగా వ్రాయుడు. తేది తెలియనిచో ఆ గడి ఖాళీగా ఉంచుడు. పేరు మాత్రము విడువవలదు.