టిల్ట్

పోకర్‌కు ముందు ఈ మాట పిన్‌బాల్ యంత్రానిది. 1930లలో అమెరికాలో ఆటగాళ్లు బంతి తమకు అనుకూలంగా దొర్లాలని యంత్రాన్నే పట్టి కుదిపేవారు. ఆ కుదుపును పసిగట్టే ఏర్పాటును హ్యారీ విలియమ్స్ కనిపెట్టాడు. తర్వాతి యంత్రాల్లో స్థిరపడిన పద్ధతి భలే సులువైనది: లోహపు కడియం మధ్యలో ఓ గుండు వేలాడుతుంటుంది. గట్టిగా ఊపితే గుండు కడియానికి తగిలి కరెంటు పారుతుంది, ‘టిల్ట్’ అని దీపం వెలుగుతుంది, మీటలు పనిచేయవు, ఆ బంతి పోయినట్టే.

పోకర్‌లో ఓటమి కసితో బుద్ధి గాడి తప్పడమే టిల్ట్. ఇక్కడ దీపం వెలగదు, చిక్కంతా అదే. అయితే ఆన్‌లైన్‌లో ఆడిన ప్రతి హ్యాండూ హిస్టరీలో నమోదవుతుంది. తీరిగ్గా చదివేటప్పుడు పోయిన పెద్ద పాట్‌ను వదిలేసి, దాని తర్వాతి హ్యాండ్లు చూడాలి. ఉదాహరణకు, ఆసుల జత ఆఖరి ముక్క దగ్గర ఓడింది. ఆ వెంటనే, రోజూ పారేసే జాకీ-నాలుగుతో, అందరికంటే ముందు పలకాల్సిన చోటు నుంచే రెయిజ్! 2011లో వచ్చిన తన పుస్తకంలో పోకర్ ఆటగాళ్ల మానసిక శిక్షకుడు జారెడ్ టెండ్లర్ టిల్ట్‌ను రకాలుగా విడదీశాడు: అన్యాయం జరిగిందన్న ఉక్రోషం ఒకటి, ఫలానావాడిపై పగ మరొకటి. పై రెయిజ్ మొదటి రకం. ఆ హ్యాండ్ గెలిచినా సరే, తప్పుల్లోనే రాసుకోవాలి.