అస్థులు చెప్పు చరిత్ర

శాసనములును, తాళపత్రములును లేని కాలమునకు సాక్షు లెవ్వరు? ఆ కాలపు మృతుల యస్థులే యని నేను మనవి చేయుచున్నాను. ఎముకలలో డి.ఎన్.ఏ. యను జన్యుపదార్థము వేల యేండ్లు నిలువగలదు. అందు తల్లిపాలును తండ్రిపాలును గలవు. కావున వేర్వేరు కాలముల యెముకలను పోల్చి చూచినచో, ఏ జనము లెప్పుడు కలిసిరో తెలియును.

హర్యానాలోని రాఖీగఢీ శ్మశానవాటికయందలి 61 నమూనాలను పరీక్షింపగా, ఒక్క స్త్రీ జన్యుపదార్థము మాత్రమే చదువుటకు వీలయ్యెను. మన దేశపు టెండలకు తక్కినవి చెడిపోయినవి. ఆమె సింధునాగరికత కాలమున, అనగా సుమారు 4,500 ఏండ్ల క్రిందట జీవించినది. ఆమెయందు ఉత్తరపు స్టెప్పీ మైదానముల పశుపాలకుల యంశము లేదని 2019లో ప్రకటించిరి. స్వాత్ లోయలో క్రీ. పూ. 1200 తరువాతి సమాధులలో నా యంశము కనబడినది. నడుమ నా జనులు వచ్చి కలిసిరని పరిశోధకుల నిర్ణయము.

హైదరాబాదు సి.సి.ఎం.బి. వారును, హార్వర్డువారును నేటి ప్రజల నమూనాలను పరిశీలించి 2013లో మఱియొకటి తెలిపిరి. 4,200 మొదలు 1,900 ఏండ్ల క్రిందటి వరకు మన దేశమున భిన్నజనులు విరివిగా కలిసిరట! కులములలోపలి వివాహముల కట్టు అటుపిమ్మటనే బిగిసినది.

పెద్దలారా, వంశశుద్ధిని గూర్చి మీ రచ్చబండపై వాదము వచ్చినప్పుడు ఈ సాక్ష్యమును గూడ వినిపింపుడు.