చద్దికుండ: గోదావరి సీమలో తొలిపూట చరిత్ర

గోదావరి డెల్టాలో తెల్లవారుజామున పొయ్యి రాజవేయుట చిరకాలము వరకు ఎవరికిని అలవాటు కాదు. కలిగినవారి ఇండ్లలో సైతము వంటకు పొయ్యి రాజుకొనుట పొద్దెక్కి, స్నానములును మడియును ముగిసిన పిమ్మటనే. అంతకు ముందే ఇల్లు కదలవలసిన వారందరును, అనగా అరక కట్టవలసిన పాలేరును, పశువులను తోలుకొనిపోవు కుఱ్ఱవాడును, ఊడ్పులకు బోవు స్త్రీలును, వీథిబడికి బోవు బాలురును, రాత్రియే సిద్ధమై కుండలో కాచుకొనియున్న చద్దితో ఆ పూట గడుపుకొనుచుండిరి. దానికి కట్టె ఖర్చు లేదు, కూర ఖర్చు లేదు, ప్రొద్దున్నే కాలవ్యయము అంతకంటెను లేదు. తీరికలేని మనుష్యునికి చౌకగాను సులువుగాను కడుపు నింపుట యెట్లని నేటివారు అడుగు ప్రశ్నకు ఈ సీమ ఏనాడో చెప్పుకొన్న సమాధానమిది. అయితే తినువానికి మిగిలిన కాలము ఎవరి చేతులమీదుగా మిగిలినదో విచారింపక చద్దిని ఊరక పొగడుట చరిత్ర కానేరదు.

ఈ యాచారము ప్రాచీనమైనది. పోతనామాత్యుడు భాగవత దశమస్కంధమున గోపబాలకులు యమునాతీరమున చల్దులారగించు ఘట్టమును వ్రాయునాటికే, అనగా పదునైదవ శతాబ్దినాటికే, పెరుగు కలిపిన చద్దియు వ్రేళ్ళ సందున ఇఱికించుకొన్న ఊరగాయయు తెలుగువానికి చిరపరిచితములు. ఆ ఊరగాయలలో మిరపకాయ లేదను సంగతి మాత్రము పాఠకులు మరువరాదు. మిరప పోర్చుగీసువారి వెంట పదునాఱవ శతాబ్దిలో గాని మన దేశమునకు రాలేదు. గోపబాలకుల ఊరగాయకు కారము కావలెనన్నచో ఆవపిండివలననో మిరియమువలననో రావలసినదే. ఇక ధర్మశాస్త్రములకు నిలువయున్న అన్నమన్న గిట్టదు. పర్యుషితమును, పులిసినదానిని వర్జింపుమని మనుస్మృతి పంచమాధ్యాయము విధించుచునే, పులిసినవానిలో పెరుగును, పెరుగువలన గలిగిన పదార్థములను భక్ష్యములుగా మినహాయించినది. మన శ్రోత్రియ గృహములలోని తల్లులు ఆ శ్లోకమును చదివిరో లేదో కాని, దాని ఫలితమును మాత్రము అక్షరాలా వాడుకొనిరి. రాత్రి గోరువెచ్చని అన్నములో పాలు పోసి, నాలుగు చుక్కల మజ్జిగతో తోడు వేసి, ఉట్టిమీద ఉంచిన చద్ది తెల్లవారునప్పటికి గడ్డపెరుగై కూర్చుండును. అది బాలురకు నిర్దోషము.

పాడి లేని ఇంటి చద్ది వేఱు. అక్కడ రాత్రి మిగిలిన అన్నములో చన్నీళ్ళో గంజియో పోసి మూతపెట్టుదురు. ఉదయము ఆ పులిసిన అన్నమును పిసికి, ఉప్పు వేసి, ఉల్లిపాయయో పచ్చిమిరపకాయయో కొఱుకుకొనుచు, సముద్రతీర గ్రామములలోనైనచో నిప్పులమీద కాల్చిన ఎండుచేప నంజుకొనుచు తినుదురు. దీనికంటె ఒక మెట్టు పైది తరవాణి. ఒక కుండను ప్రత్యేకించి, బియ్యము కడిగిన నీటిని, వార్చిన గంజిని దానిలో పోసి రెండు మూడు దినములు కదల్పక ఉంచినచో పులుపు పుట్టును. పిదప ప్రతిదినమును ఆనాటి గంజి దానిలో పోయుట, నిన్నటి పులిసిన తేటను వాడుకొనుట, అవసరమైనప్పుడు పిడికెడన్నము అందులో వేయుట. ఈ విధముగా ఒక్క కుండ వేసవి యంతయు నడచును. ఆ తేటలో లేత నిమ్మాకులు చిదిపి వేసి, చిటికెడు వాము, ఉప్పు చేర్చి వైశాఖమాసపు ఎండలో అన్నమునకు పోసికొని త్రాగినవానికి దాని గుణము చెప్ప బనిలేదు. మన ఎగువన ఓఢ్రదేశీయులు దీనినే తొరాణి యందురు. తీరమంతట ఒకే మర్యాద.

అయితే ఈ అన్నము డెల్టాలోని పేదవాని కుండలోనికి ప్రతిదినము చేరుట గోదావరి కట్టబడిన తరువాతి మాట. 1832–33 సంవత్సరములలో కరవు, 1839లో కోరంగి రేవును ముంచిన ఉప్పెన ఈ సీమను పీల్చివైచినవి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ రాజమహేంద్రవర మండల దుస్థితినిగూర్చి నివేదిక సమర్పించెను. ఆర్థర్ కాటన్ పూనికచే 1847లో పని ప్రారంభమై, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. జొన్నయు చోడియు తినుచుండిన పల్లెలు క్రమముగా వరిలోనికి దిగినవి. దీనితో అన్నమొక్కటే కాదు, తీరికలేమియు వచ్చినది. వానను నమ్ముకొన్న సేద్యములో ఒకని చేను నేడు, వేఱొకని చేను పది దినముల తరువాత పదునెక్కును. కాలువ నీరు అట్లు కాదు. లాకులెత్తిన దినముననే ఊరి ఆయకట్టంతయు ఒక్కుమ్మడిగా దమ్ముకు సిద్ధమగును, ఆకుమడులన్నియు ఒకే పక్షమున ఊడ్పుకు వచ్చును. సార్వా ఊడ్పుల నాళ్ళలో ఆడకూలి దొరకుట రైతుకు గగనకుసుమము; అందుచేత ఆమె చీకటితో ఆకు పీకుటకు బోయి, మోకాటిలోతు బురదలో వంగి, చీకటిపడిన పిదప ఇల్లు చేరెడిది. ఆ స్త్రీ ఉదయము వంట చేయుట యెప్పుడు? రాత్రి వండినదానిలో సగము రేపటికని తీసి నీళ్ళు పోయుటయే ఆమెకు తెలిసిన ఉపాయము. గట్టుమీద గుడ్డ విప్పి, ముంతలోని చద్దిని బిడ్డకింత పెట్టి తానింత తినునప్పటికి, తెల్లవారిన తరువాత లేచిన యజమాని యింకను పండ్లు తోముకొనుచుండును.

ఏడాది జీతమునకు కుదిరిన పాలేరునకు కొలిచెడి ధాన్యముతోపాటు కాపుగారింట ఉదయపు చద్దియు పెట్టుట వాడుక. దానిని దయగా లెక్కించినవారు కలరు. నేను జీతములో భాగమనియే తలచెదను. వాడు చద్దికై తన యింటికి పోయి వచ్చినచో అరక ఆలస్యమగును గదా. పైగా ఆ చద్ది వానికి పెట్టినది వంటయింటి వసారాలో కాదు. మాలమాదిగ పేటలనుండి వచ్చిన పాలేరైనచో దొడ్డిలో నిలువబెట్టి, వాడు తెచ్చుకొన్న ముంతలో పైనుండి పోసెడివారు. పెద్దల మాట చద్దిమూట యని సామెత చెప్పుకొను ఈ సీమలో ‘చద్దికూడు తినువాడు’ అనుట తిట్టు ఏల అయ్యెననువారికి ఈ దొడ్డియే సమాధానము. ఒకే కుండలోని అన్నము పెరుగు తోడుతో లోపల తిన్నప్పుడు బాల్యస్మృతి యైనది, నీళ్ళతో వెలుపల తిన్నప్పుడు దారిద్ర్యచిహ్నమైనది; అన్నములో భేదము లేదు.

చద్ది ఒక రాత్రి ముందుచూపు. దాని ప్రక్కనుండు ఊరగాయ ఒక సంవత్సరపు ముందుచూపు. వానలలో అతిథులకు వరుగులు, వడియములు వడ్డించుటను శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోనే వర్ణించినాడు. కూర దొరకని, కట్టె మండని దినములు నాలుగు నెలలు రానున్నవని తెలిసిన గృహిణి వేసవిలో దానికి తగిన సన్నాహము చేయవలసినదే. గోదావరి యిండ్లలో ఆ సన్నాహము ఒక యజ్ఞము. కొత్తపల్లి కొబ్బరి మామిడి పీచు ముదిరి, టెంక కట్టి, పుల్లదనము చెడకమునుపే కోయింపవలెను. కాయ నేల బడి కందరాదు. నీళ్ళలో కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్క కాయను తుడిచి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, లోపలి జీడి తీసి, పొరను గూడ ఒలిచి, మరల తుడిచి, ఆవపిండి, కారము, ఉప్పు పాళ్ళు కుదిర్చి, పప్పునూనెలో ముంచి జాడీకెక్కింతురు. మూడవనాడు తిరగగలిపి రుచి చూచి, ఉప్పు చాలకున్న చేర్చుదురు. ఇంతలో ఎక్కడనైన ఒక తడిచేయి తగిలెనా, శ్రావణమాసము నాటికి బూజు. ఆవకాయతోపాటు మాగాయ, చింతకాయ తొక్కు, కందిపొడి, మినప వడియములు, అప్పడములు. ఇవి అటకమీద నుండగా మగవాడు ఏ వేళ వచ్చి పీటవేసికొన్నను విస్తరిలో నాలుగు రుచులు నిమిషములో సిద్ధము.

ఆ నిమిషమునకు వెనుక నున్న రెండు నెలలు ఎవరివి? కూలివారి యింట కూలిచేసిన స్త్రీవే. బ్రాహ్మణ గృహములలో తఱచుగా అవి పుట్టింట మిగిలిపోయిన విధవలవి. మడిబట్టతో డాబామీద ఎండలో కూర్చుండి వడియములు పెట్టిన ఆ ఆడపడుచులకు తాము పెట్టినవానిని పదిమంది పంక్తిలో కూర్చుండి తిను యోగ్యత సైతము లేకుండెను. కందుకూరి వీరేశలింగము పంతులు తొలి వితంతువివాహమును 1881 డిసెంబరు 11వ తేదీన జరిపించినది ఈ రాజమహేంద్రవరమందే. ఆనాడు పంతులుగారిని నిందించిన గృహస్థులకు శాస్త్రభయ మెంత యుండెనో, వంటయింటి చాకిరీ తప్పిపోవునను భయము అంతయు ఉండెనేమోయని నా కనుమానము. ఈ మాట ఋజువు చేయగల కాగితము నాయొద్ద లేదు.

ఇల్లు విడిచి తిరుగువారికి వేఱు మార్గములుండెను. 1853లో రాజమహేంద్రవరమున పెద్ద పాఠశాల వెలసిన తరువాత పల్లెటూళ్ళ విద్యార్థులు వారములు చెప్పుకొని, ఇంటికొక దినము చొప్పున భోజనము చేసి చదువుకొనిరి. సంస్కృత విద్యకై ఊరూరు తిరిగిన తన దినములను శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. కాలువలలో త్రాడులాగుడు పడవలమీద రాత్రియంతయు ప్రయాణము చేయువారు పులిహోరయు దద్దోజనమును మూటగట్టుకొనిరి. చింతపండు పులుపున్న అన్నము మఱునాటికిని చెడదు. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మ (1841–1909) ఏ జాములో వచ్చిన బాటసారికైనను అన్నము పెట్టినది. అంతర్వేది యాత్రకు బయలుదేరిన ఆమె, దారిలో ఆకలిగొన్న పిల్లలను తల్లిదండ్రులు ‘సీతమ్మగారింటికి పోవుచున్నాము, అక్కడ అన్నము దొరకును’ అని ఓదార్చుట విని, యాత్ర మానుకొని వెనుకకు మరలినదని నేటికిని చెప్పుకొందురు. ఆంధ్రప్రదేశములో బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి.

చద్దికి వైద్యులు కల్పించిన గౌరవమునుగూర్చి రెండు మాటలు. ఉత్తర సర్కారుల తీరమున బెరిబెరి వ్యాధి పాతది. మాల్కమ్‌సన్ అను వైద్యుడు దానినిగూర్చి 1835లోనే చెన్నపట్టణమున గ్రంథము ప్రకటించెను. అప్పటికి బియ్యపు మరలు లేవు. డెల్టాలో మరలు వెలసి, దంపుడు బియ్యము వెనుకబడిన పిమ్మట సంగతి మఱింత తేటపడెను. కూనూరు పోషకాహార పరిశోధనాలయమున ఐక్రాయిడ్ మొదలగువారు 1930, 40 దశాబ్దులలో చేసిన పరిశోధనలవలన, ఉప్పుడు బియ్యము తినుచోట్ల లేని ఈ వ్యాధి పచ్చిబియ్యమును తెల్లగా మరబట్టించి తిను తెలుగు తీరమున ఏల నిలిచెనో లోకమునకు తెలియవచ్చెను. బియ్యపు పైపొరలోని బి-విటమిను కొంత మరలో పోవును, మిగిలినది కడుగులోను గంజిలోను పోవును. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. తరవాణి బెరిబెరిని మాన్పెనని నేననను. కాని వార్చి పారబోయవలసిన కడుగును గంజిని తిరిగి కడుపులోనికి పంపిన ఉపాయము అదొక్కటియే యని ఒప్పుకొనవలెను.

చద్దిని ఓడించినది వైద్యుడు కాదు, కాఫీ. ఇరువదవ శతాబ్ది రెండవ పాదము నాటికి పట్టణములలో కాఫీ హోటళ్ళు లేచినవి. కోర్టు గుమాస్తా, బడిపంతులు, వకీలు ఇడ్డెనయు పెసరట్టును నాగరికమని నమ్మిరి. ఇంటింట పొద్దున్నే పొయ్యి రాజవేయవలసి వచ్చెను. ఆ పని మీదబడినది మరల ఆడువారికే. దోసెలకు పప్పు నానబోసి, రుబ్బురోలు త్రిప్పి, పిండి పులియబెట్టుట చద్దికి నీళ్ళు పోయుటవంటిది కాదు.

ఇదియుగాక పాత్రయు మారినది. ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898లో చెన్నపట్టణపు కళాపాఠశాలలో అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించినది మొదలు, చవుకయు తేలికయు నగు సత్తుగిన్నె పల్లెలను ఆక్రమించెను. చేనికి మోసికొనిపోవుటకు అది కుండకంటె మేలే, పగులదు. కాని పులుపు సత్తును తినివేయును, గిన్నె గుంటలు పడి నల్లబడును, అన్నమునకు లోహపు చేదు తగులును. సత్తులో తరవాణి నిలువదు. కుండ గోడలలో ఇంకియుండి ప్రతిదినమును క్రొత్తగంజిని పులియబెట్టిన ఆ పాత పులుపు, కుండతోనే పోయినది. ఆ పిమ్మట స్టీలు వచ్చెను. దానిని పులుపేమియు చేయజాలదు, కాని దినమును తోమబడు గిన్నె గోడలలో ఏ పులుపును నిలువదు. తరువాత ఫ్రిజ్ వచ్చెను. దానిలో పెట్టిన అన్నము చల్లబడునే గాని పులియదు. నేడు రాజమహేంద్రవరమున ఉద్యోగమునకు పరుగెత్తు దంపతులు ఆ ఫ్రిజ్‌లో దాచుకొనునది అంగడిలో కొన్న దోసెపిండి పొట్లము. దానిని రుబ్బినది మర, పులియబెట్టినది వ్యాపారి. దోసె పోయవలసినది మాత్రము, పెక్కిండ్లలో, ఇప్పటికిని ఆమెయే.