నైజాంలో ధీరేన్ గంగూలీ

హైదరాబాదులో సినిమా నిర్మాణం 1959లో, సారథీ స్టూడియోలో తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి'తో మొదలయిందని మనలో చాలామంది నమ్మకం. నేనుండే కాప్రాకు దగ్గరలోనే, నాచారంలో, రామారావుగారు కట్టించిన స్టూడియో వుంది. మా విద్యార్థుల దృష్టిలో అదే పురాతన కట్టడం! కాని 1922లోనే యీ నగరంలో లోటస్ ఫిల్మ్ కంపెనీ వెలసింది. దాన్ని స్థాపించిన ధీరేంద్రనాథ్ గంగూలీ నటుడు, దర్శకుడు, బెంగాలీ. తెలుగువాడు కాడన్న కారణంగానే మన చరిత్రకారులు అతన్ని దాటిపోతున్నట్లయితే అది సంకుచితత్వమే.

1893లో కలకత్తాలో పుట్టిన గంగూలీ శాంతినికేతనంలో చదివి, హైదరాబాదు చిత్రకళాశాలకు ప్రధానోపాధ్యాయుడుగా వచ్చాడు. రకరకాల వేషాల్లో, స్త్రీ వేషాల్లో కూడా, తన ఫొటోలే తీసి పుస్తకంగా అచ్చువేశాడు. 1921లో విడుదలయిన 'బిలాత్ ఫెరత్'కు కథ రాసి, నాయకుడుగా నటించాడు. సీమనుంచి తిరిగొచ్చి స్వదేశాన్ని చూసి ముక్కు చిట్లించే బాబునూ, ఆచారాన్ని పట్టుకు వేళ్ళాడే పెద్దలనూ ఆ చిత్రం కలిపి ఎగతాళి చేసింది. తెరనిండా పురాణాలే వున్న కాలంలో, పరాయి పాలనలోని మధ్యతరగతిని చూసి నవ్వడం సాహసమే.

ఆ తర్వాతనే నైజాం ప్రాపుతో లోటస్ వచ్చింది. ప్రయోగశాల, రెండు సినిమాహాళ్ళు ఏర్పడ్డాయి. 'ఇంద్రజిత్', 'లేడీ టీచర్', 'మ్యారేజ్ టానిక్' వంటి మూకీలు వరుసగా తయారయ్యాయి. ప్రాపు అన్నాను, చిక్కంతా అందులోనే వుంది. 1924లో, బొంబాయిలో తీసిన 'రజియా బేగం'ను గంగూలీ తన హాల్లో ప్రదర్శించాడు. ముస్లిం రాణికీ హిందువుకూ ప్రేమ అందులోని కథ. నైజాం ఆగ్రహించాడు. గంగూలీ రాజ్యం విడిచి పొమ్మని ఆజ్ఞ అయింది, లోటస్ మూతపడింది.

దీన్ని మతకలహంగా చెప్పేవారున్నారు. నేనొప్పుకోను. విదురుడిలో గాంధీ కనబడ్డాడని 1921లో మద్రాసులో 'భక్త విదుర'ను నిషేధించింది తెల్లదొరతనం. చాప్లిన్ తిరిగి తన గడ్డమీద అడుగు పెట్టకుండా 1952లో అనుమతి రద్దు చేసింది ప్రజాస్వామ్య అమెరికా. ఏలేవాడి మతం ఏదయినా కళాకారుడి మెడమీద కత్తి వొకటే. తేడా యేమంటే, జాగీర్దారీ రాజ్యంలో అప్పీలు చేసుకోవడానికి మరో గడప లేదు. రెండేళ్ళ శ్రమకు వొక్క మనిషి కోపం చాలింది.

గంగూలీ కలకత్తా చేరి, 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ పెట్టాడు. దేవకీ బోస్, ప్రమథేశ్ బారువాలు తొలి అడుగులు వేసింది అక్కడే. ఆ బడి హైదరాబాదులో నడవవలసింది. 1975 సంవత్సరపు ఫాల్కే పురస్కారం గంగూలీకి వచ్చింది. 1978లో కలకత్తాలోనే కన్నుమూశాడు.